అమ్మకు అరవై ఎప్పుడు నిండాయి?

ఒక జనవరి ఒకటిన గుత్తిలో మా ఇంట్లో ఉన్నాను. పొద్దున్నే అమ్మ ఫోన్ మోగింది. బెంగళూరు నుంచి మా అన్న కూతురు. "హ్యాపీ బర్త్‌డే అవ్వా!" అంది. అమ్మ కాసేపు తెల్లబోయి, "నాది కాదు తల్లీ, అది ఆధార్ కార్డు పుట్టిన దినం" అని నవ్వింది. తర్వాత పొయ్యి దగ్గరికెళ్ళి బెల్లం తరగడం మొదలుపెట్టింది. మనవరాలు అంత ప్రేమగా చెప్పింది కాబట్టి పాయసమన్నా చెయ్యాలట. ఎవరి పుట్టినరోజు, ఎవరు వంట చేస్తున్నారు అని నేను గొణుక్కుంటూ జీడిపప్పు వేయించాను.

అమ్మ నిజంగా పుట్టింది గంజి కరువులో. 1952లో వానల్లేక, పనుల్లేక రాయలసీమలో గంజి కేంద్రాలు తెరవాల్సొచ్చిన కాలమది. "మా యమ్మ నన్ను సంకనేసుకోని గంజికి పొయ్యేదంట" అంటుంది. సంవత్సరం పేరు నందన, మాసం కార్తీకం. ఇంతవరకే తెలుసు. తిథి, వారం ఎవరూ రాసిపెట్టలేదు. మా మేనమామ పుట్టినప్పుడు మాత్రం తాత పాత పంచాంగం అట్ట లోపలివైపు తిథి, నక్షత్రం, ఘడియలతో సహా రాశాడు. తాతకు రాయడం వచ్చు. ఇంట్లో కలం ఉంది. కరువులో పుట్టిన రెండో ఆడపిల్ల కోసం ఆ కలం తీయలేదు, అంతే.

అయితే అమ్మ గురించి తాత అసలేమీ రాయలేదనుకుంటే పొరపాటు. మరో పంచాంగంలో ఆమె పెద్దమనిషైన రోజు, వేళతో సహా ఉంది. ఆ వేళను బట్టి ఫలం చూపించారు, దోషం ఉందంటే శాంతి చేయించారు. ఆ తర్వాత లగ్నపత్రికలో పెళ్ళి ముహూర్తం ఉంది. స్త్రీ జీవితంలో ఏ తేదీలను రాసిపెట్టుకోవాలో కుటుంబానికి బాగా తెలుసు. ఆమె శరీరం పెళ్ళికి సిద్ధమైన రోజు, ఆ శరీరాన్ని ఇంకో ఇంటికి అప్పగించిన రోజు. ఆమె ఈ లోకంలోకి వచ్చిన రోజుతో ఎవరికీ పనిపడలేదు.

మా ఊరి కోట కింద పాత ఇంగ్లీషు సమాధులున్నాయి. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల కలెక్టరుగా చేసి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రోను మొదట ఇక్కడే పూడ్చారు. ఆయన 1761 మే 27న గ్లాస్గోలో పుట్టాడు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. పుట్టుక, చావు, చచ్చాక చేసిన ప్రయాణం, అన్నీ లెక్కగా ఉన్నాయి. ఈ ప్రాంతంలో జనం తమ కొడుకులకు మన్రోలప్ప అని ఆయన పేరు పెట్టుకున్నారని చదివాం. ఆ మన్రోలప్పలను కన్న తల్లులు ఎప్పుడు పుట్టారో వాళ్ళ ఇళ్ళలో ఎవరన్నా గుర్తుపెట్టుకున్నారా? చరిత్ర గవర్నర్లదని మనం ఎప్పుడో విమర్శించాం. ఇల్లు కూడా అదే పద్ధతిలో తేదీలు రాసుకుందన్న సంగతి దగ్గరే నాకింకా ఆలోచన తెగడం లేదు.

వయసు పెరిగేకొద్దీ పుట్టినరోజులు ముఖ్యం కావని అంటారు. మన సంప్రదాయం మాత్రం అలా అనలేదు. అరవై నిండితే షష్టిపూర్తి, ఆ పైన భీమరథ శాంతి, ఎనభై దాటాక సహస్ర చంద్ర దర్శనం. ముసలితనంలో పుట్టినరోజుకు ఇంత తంతు పెట్టుకున్న వాళ్ళం మనం. అయితే ఆ అరవై ఎవరికి నిండాలి? మా నాన్న పార్థివ సంవత్సరంలో పుట్టాడు. ఆయన రైల్వే ఉద్యోగి. సర్వీసు పుస్తకంలో పుట్టిన తేదీ ఉంది కాబట్టి రిటైరయ్యే రోజు ముందే తెలుసు. 2005లో పార్థివ మళ్ళీ వచ్చింది, ఇంట్లో షష్టిపూర్తి చేశాం. అమ్మ పట్టుచీర కట్టి, బాసికం పెట్టుకుని, ఆయన పక్కన రెండోసారి పెళ్ళికూతురైంది. ఫోటోలు చాలా బాగొచ్చాయి. ఆమెకు ఆ రోజు యాభై మూడేళ్ళు. పెళ్ళికూతురి వయసు ఎంతన్నది ఆ తంతులో ఎక్కడా అవసరం పడలేదు. భర్తకు అరవై వచ్చేదాకా మాంగల్యం నిలబడింది, ఆ నిలబడడమే ఆమె వేడుక.

నాన్న 2010లో పోయాడు. 2012 ఉగాదికి నందన వచ్చింది. పంచాంగ శ్రవణంలో ఆ పేరు విని అమ్మ, "నా సంవత్సరం మళ్ళొచ్చిందే" అంది. నేను ఊఁ అన్నాను. ఆ మాటకు అర్థం ఆమెకు అరవై నిండుతున్నాయని. నాకది తట్టనేలేదు. స్త్రీవాదం మీద పాఠాలు చెప్పి, వ్యాసాలు రాసే దాన్ని. భర్త లేని ఆడమనిషికి షష్టిపూర్తి ఉండదన్న నియమాన్ని ఎవరూ నాకు నేర్పలేదు, అయినా దాన్ని తు.చ. తప్పకుండా పాటించాను. ఆ ఏడాది నాన్న తద్దినం మాత్రం మరిచిపోలేదు.

ఆ 2012లోనే కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి' వచ్చింది. తొంభై దాటిన స్త్రీ రాసిన ఆత్మకథ. ఊహ తెలియని వయసులో పెళ్ళి, వెంటనే వైధవ్యం, తర్వాత కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహం, ఉద్యమం, అజ్ఞాతవాసం, ఆయన విడిచి వెళ్ళడం, బిడ్డలిద్దరినీ పోగొట్టుకోవడం. ఆ పుస్తకాన్ని మొదట చదివినప్పుడు అందరిలాగే నేనూ దుఃఖాన్నే చదివాను. అమ్మ నందన గుర్తొచ్చాక మళ్ళీ చదివితే అందులో కాలం నడిచే తీరు వేరుగా కనపడింది. భర్త వెళ్ళిపోయాక ఆమె చదువుకుంటుంది, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా ఉద్యోగం చేస్తుంది, తన తిండి తాను సంపాదించుకుంటుంది. మామూలు ఆడవాళ్ళ కథ భర్తతో ఆగిపోయే చోట ఈమె వయసు లెక్క మొదలవుతుంది. 2018 ఆగస్టు 5న విశాఖపట్నంలో ఆమె నూరో పుట్టినరోజు జరిపారు. సెప్టెంబరు 19న కన్నుమూశారు. ఎవరి మాంగల్యబలంతోనూ పనిలేని నూరేళ్ళవి. మన తంతుల్లో దేనికీ అందని ఆ పుట్టినరోజును నేను ఈ కాలపు ముఖ్యమైన సాహిత్య సంఘటనల్లో ఒకటిగా లెక్కవేస్తాను.

కుటుంబం సంగతి సరే, సాహిత్య కుటుంబం మాత్రం తక్కువ తిన్నదా? తెలుగు కథకు నూరేళ్ళు నిండాయని 2010లో సభలు చేసుకున్నాం. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' నుంచి లెక్క. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే హిందూ సుందరిలో అచ్చయింది. ఆ లెక్కన కథకు నూరేళ్ళు 2002లోనే నిండాయి. అప్పుడు ఏ సభా జరగలేదు. అచ్చమాంబ కథను ముందుపెట్టగానే, అది కథేనా, నిర్మాణం ఉందా అని ప్రశ్నలొచ్చాయి. తండ్రి పుట్టినరోజుకు సర్వీసు పుస్తకం సాక్ష్యం చాలు. తల్లి పుట్టినరోజుకు మాత్రం సాక్షులు కావాలి. మా ఇంట్లో జరిగిందీ, మన సాహిత్య చరిత్రలో జరిగిందీ ఒకటేనని అప్పుడు అర్థమైంది. 'దిద్దుబాటు' గొప్పతనానికి దీనితో లోటేమీ రాదు. మొదటి పుట్టుక ఎవరిదో చెప్పేటప్పుడు ఎవరి పంచాంగం తెరుస్తున్నాం అన్నదే నా ప్రశ్న.

ఇంత రాశాక ఒక సందేహం నన్నూ పీడిస్తోంది. తిండికి లేని చోట పుట్టినరోజులేమిటి, ఇది చదువుకున్న వాళ్ళ బాధ కాదా అని. జవాబు మా ఇంట్లోనే దొరికింది. నాన్న పోయాక ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు నింపుతూ, అమ్మ పుట్టిన తేదీ దగ్గర మా అన్న అంచనాగా 1-1-1955 అని రాశాడు. చెడ్డ ఉద్దేశమేమీ లేదు. అమ్మ పక్కగదిలోనే ఉంది, లేచి వెళ్ళి అడగలేదు. ఆధార్‌లోకీ అదే ఎక్కింది. కేంద్ర ప్రభుత్వ పెన్షన్‌లో ఎనభై నిండినవాళ్ళకు ఇరవై శాతం అదనంగా వస్తుంది. అమ్మకు 2032లో రావాల్సింది కాగితాల ప్రకారం 2035లో వస్తుంది. గంజి కరువులో ఆకలితో గడిపిన రెండేళ్ళకు పైగా కాలాన్ని మేము ఒక్క గీతతో కొట్టేశాం. మా వీధిలో కూలికి పోయే ఆడవాళ్ళకు ఇది ఇంకా కటువైన సంగతి. 2019 నుంచి రాష్ట్రంలో వృద్ధాప్య పింఛనుకు అరవై ఏళ్ళు నిండాలి. అరవై నిండినా కార్డులో యాభై ఆరే ఉంటే ఇంకో నాలుగేళ్ళు శెనక్కాయ చేన్లో వంగి కలుపు తీయాల్సిందే. పుట్టినరోజు వాళ్ళకు కేకు కాదు, నడుము నొప్పి.

అందుకే ఇప్పుడు మన ఇళ్ళలోకి వచ్చిన కేకు పుట్టినరోజుల్ని చూసి వెక్కిరించడం నాకు చేతకావడం లేదు, మురిసిపోవడమూ చేతకావడం లేదు. ఫోన్లో శుభాకాంక్షలు చెప్పే పిల్లలకు ప్రేమ ఉంది. ఆ తేదీ నిజమా కాదా అని అడిగే తీరికే లేదు. వేడుక చేస్తే వంట అమ్మదే, చెయ్యకపోతే మరుపు అమ్మదే. ఈ రెండింటి మధ్యన ఆమెకేం కావాలో అడగాలని ఆ జనవరి ఒకటి సాయంత్రం అనిపించింది.

"మా, నీ పుట్టినరోజు నిజంగా చేస్తే ఏం చెయ్యమంటావు?" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను పుట్టిన దినం మా యమ్మ ఎంత కష్టపడిందో ఎవురూ సెప్పలేదు. కరువులో కానుపు. ఏం తినిందో, ఎవురు సేసినారో. ఆయమ్మను అడిగుండాల్సింది, అడగలేదు" అంది.

నాకు మాట రాలేదు. నేను తేదీ వెతుకుతుంటే ఆమె తల్లిని వెతుకుతోంది. ఏ పుట్టినరోజైనా ఇద్దరిది. ఒకరు పుడతారు, ఒకరు కంటారు. కేకు మీద కొవ్వొత్తుల్లోనూ, షష్టిపూర్తి మంత్రాల్లోనూ, గవర్నరు జీవితచరిత్రలోనూ ఆ రెండో మనిషి లేదు. మన ఆత్మకథల్లో కూడా 'నేను ఫలానా రోజున పుట్టాను' అనే మొదటి వాక్యంలో కన్న మనిషి నొప్పి లేదు. ఆ వాక్యాన్ని మనం ఇంకోలా రాయడం మొదలుపెట్టవచ్చు.

ఆ రాత్రి నేను పుట్టిన రోజు గురించి అమ్మను అడిగాను. బొంబాయి మెయిలు కూత వినపడినప్పుడు నొప్పులు మొదలయ్యాయనీ, నాన్న డ్యూటీలో ఉన్నాడనీ, పక్కింటి సాయిబుల అమ్మ వచ్చి పురుడు పోసిందనీ చెప్పింది. ఆ పేరు తెలియని తల్లి గురించి యాభై ఏళ్ళు దాటాక మొదటిసారి విన్నాను. అన్నీ రాసుకున్నాను. తాత పంచాంగం అట్ట లోపల, మామ నక్షత్రం పక్కన ఇంకా చోటుంది. అక్కడ అమ్మ చేత రాయించాను: నందన, కార్తీకం, గంజి కరువు. తిథి దగ్గర ఖాళీ వదిలాం. ఆ ఖాళీ కూడా ఉండనీ అంది అమ్మ.

ఈ కార్తీకంలో గుత్తికి వెళ్తున్నాను. వంట నాది.