ఒకే గట్టు, ఒకే చూపు

బీర్కూర్ దగ్గర మంజీర ఒడ్డున వానకాలంలో ఒక ఫొటో, ఎండకాలంలో ఒక ఫొటో తీయండి. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో ఇసుక. విడిగా చూస్తే రెండూ ఏటి ఫొటోలే. పక్కపక్కన పెడితే ఏడాది కనిపిస్తుంది.

కాలాన్ని కెమెరాతో పట్టాలంటే ముందుగా చేయాల్సింది అదే చోటికి మళ్లీ రావడం. అదే గట్టు, అదే ఎత్తు, అదే లెన్సు, వీలైతే అదే పొద్దు. ఫ్రేములో కదలని గుర్తు ఒకటి ఉండాలి: గుడి శిఖరమో, రాతి గుండో. మారనిది పక్కన ఉంటేనే మారింది తెలుస్తుంది.

రెండోది షట్టరు. సెకనులో వెయ్యో వంతు తెరిస్తే మత్తడి దూకే నీటిచుక్క గాలిలో నిలిచిపోతుంది. రెండు మూడు సెకన్లు తెరిచి ఉంచితే అదే నీరు పాలధారవుతుంది. తొలినాళ్ల గాజు పలకలకు వెలుగు చాలాసేపు కావాల్సి వచ్చేది. నిలబడ్డవాళ్లు స్పష్టంగా మిగిలారు, నడిచిపోయినవాళ్లు మసకగా కరిగిపోయారు.

మూడోది సినిమా లెక్క. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు. 120 రోజుల వరి పంటను రోజుకొక్కసారి తీస్తే 5 సెకన్లలో అయిపోతుంది. పగటిపూట గంటకొకటి చొప్పున 12 తీస్తే నిమిషం నిలుస్తుంది. ఎంత ఓపిక పెడితే పైరు అంతసేపు పెరుగుతుంది.

ఈ ఓపిక మన నేలకు కొత్త కాదు. ఆరో నిజాం కొలువులో రాజా దీన్ దయాళ్ రాజభవనాలను, దొరలను తీశారు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. తర్వాతి కాలంలో వరంగల్ బిడ్డ భరత్ భూషణ్ తన కెమెరాను పల్లె ఇండ్ల వైపు, బతుకమ్మ వైపు తిప్పారు. దర్శకుడు బి. నర్సింగరావు 'మా ఊరు' (1987) డాక్యుమెంటరీలో పల్లె బతుకును దాచిపెట్టారు. 'దాసి' (1988) సినిమాలో 1920ల నాటి దొర గడిని తొందరపడని షాట్లతో మన ముందు నిలిపారు.

మన ఇండ్లలోనూ ఇదే సంపద ఉంది: రంగుల పరదా ముందు దిగిన ఫొటోలు, బీరువాలో బూజు పడుతున్న పెండ్లి క్యాసెట్లు. ఆ ముఖాలు ఎవరివో అమ్మమ్మకు తెలుసు. ఆమె ఉండగానే ఫొటో వెనక పేరు, ఊరు, ఏడాది పెన్సిలుతో మెల్లగా రాయించుకోవాలి. క్యాసెట్లను డిజిటల్‌లోకి మార్పించాలి.

1931లో మంజీర మీద నిజాంసాగర్ ఆనకట్ట పూర్తి కాకముందు ఆ ఏరు ఎట్లా పారేదో కండ్లారా చూసినవాళ్లు ఇప్పుడు దాదాపు లేరు. ఇప్పటి మంజీరను చూస్తున్నది మనం. ఈ ఏడు నాట్లప్పుడు ఒక ఫొటో తీసి, వెనక తేదీ వేసి, నిలబడ్డ చోటు రాయండి. వచ్చే ఏడు అక్కడే నిలబడండి. మీ తర్వాత మీ పిల్లలను నిలబెట్టండి.