విశేషకం ఆరకముందే

సంక్రాంతి సెలవులు అయిపోయాక వచ్చిన శని, ఆదివారాల్లో మేమిద్దరం బౌద్ధ శిథిలాలు చూడ్డానికి వెళ్ళాం. శనివారం అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండ, ఆదివారం భీమిలి రోడ్డులో తొట్లకొండ. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో పాపను అత్తయ్య దగ్గర వదిలి ఇద్దరమే ఊరు కదలడం అదే మొదటిసారి. నా సహచరుడు స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. వరసగా రెండు రోజులు ఖాళీ దొరకడమే మాకో పండగ. అతని స్నేహితుడొకడు భార్యతో గ్రీసు వెళ్ళి, ఏథెన్సు కొండ మీద విరిగిన స్తంభాల మధ్య దిగిన ఫొటోలు పంపాడు. అవి చూపించి, "మన ఏథెన్సు మనకి గాజువాక నుంచి గంట దూరంలోనే ఉంది, పద" అన్నాడు ఇతను.

ఆ సరదా వెనక సరదా కాని సంగతి ఒకటుంది. హైదరాబాదులో రెండేళ్ళ పరిశోధన ఫెలోషిప్పు నాకొచ్చింది. చేరేదీ లేనిదీ నెలాఖరులోగా చెప్పాలి. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. "నీ ఇష్టం" అన్నారు. ఆ మాట మన ఇళ్ళల్లో ఎన్ని రకాలుగా పలుకుతుందో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ రెండు రోజుల్లో తీరిగ్గా మాట్లాడుకుందాం అనుకున్నాం. నేను మాత్రం సంచిలో అశ్వఘోషుడి 'సౌందరనందం' కూడా పెట్టుకున్నాను. దాని మీద ఒక వ్యాసం ఎప్పటినుంచో బాకీ ఉన్నాను. ఇది ఆ వ్యాసమే. కాకపోతే నేను రాద్దామనుకున్నట్టు రాలేదు.

కథ చాలామందికి తెలిసిందే. మన తెలుగులో పింగళి, కాటూరి కవులు దీన్నే కావ్యంగా చెప్పారు. అశ్వఘోషుడి సంస్కృత కావ్యంలో 18 సర్గలున్నాయి. నాలుగో సర్గలో బుద్ధుడి సవతి తమ్ముడు నందుడు, అతని భార్య సుందరి మేడ మీద ఉంటారు. ఆమె ముఖం మీద విశేషకం, అంటే చందనాదులతో వేసే చిత్రం, దిద్దుకుంటుంటే అతను అద్దం పట్టుకుంటాడు. అద్దం మీద ఊపిరి వదిలి మసక చేసి ఆటపట్టిస్తాడు. అదే సమయంలో బుద్ధుడు ఆ ఇంటికి భిక్షకొస్తాడు. దాసీలందరూ వీళ్ళ అలంకరణల పనిలో ఉండి ఎవరూ చూడరు. ఆయన ఖాళీ పాత్రతో వెళ్ళిపోతాడు. సంగతి తెలిసి నందుడు క్షమాపణ చెప్పి వస్తానంటాడు. ఈ విశేషకం ఆరకముందే తిరిగి రావాలని సుందరి షరతు పెడుతుంది. అతను తిరిగి రాడు. బుద్ధుడు పాత్ర చేతికిచ్చి వెంట నడిపించుకుపోతాడు. ఏడుస్తున్న నందుడికి గుండు గీయించి సంఘంలో చేరుస్తారు.

పీహెచ్‌డీ చేసే రోజుల్లో నేను ఈ కావ్యాన్ని శృంగారం శాంతంలో లీనం కావడం అనే దృష్టితో చదివాను. అలాగే చదవమన్నారు. నందుడి చిత్తం ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో వరసగా రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. సుందరి ఎక్కడికి చేరింది అన్న ప్రశ్న వైవాలో ఎవరూ వెయ్యలేదు. నేనూ వేసుకోలేదు.

బొజ్జన్నకొండ మెట్లెక్కి, రాతిలో తొలిచిన గుహల ముందు కూచుని మళ్ళీ చదువుతుంటే ఆ ప్రశ్నే అడ్డం పడింది. ఆరో సర్గలో సుందరి ఏడుస్తుంది. ఇంకో స్త్రీ ఎవరైనా దొరికిందేమోనని మొదట అనుమానపడుతుంది. అతను సన్యసించాడని తెలిశాక కూలిపోతుంది. అక్కడితో ఆమె గొంతు ఆగిపోయింది. ఆ తర్వాత ఎనిమిదో సర్గలో ఒక భిక్షువు స్త్రీలు ఎంత ప్రమాదకరమో నందుడికి ఉపన్యాసం ఇస్తాడు. పదో సర్గలో బుద్ధుడు అతన్ని హిమాలయానికి తీసుకెళ్ళి ఒంటికన్ను ఆడకోతిని చూపించి, నీ సుందరి అందమా ఇది అందమా అని అడుగుతాడు. స్వర్గంలో అప్సరసల్ని చూపించాక నందుడే ఒప్పుకుంటాడు, సుందరి ముందు కోతి ఎంతో అప్సరసల ముందు సుందరి అంతేనని. ఒక మగవాడికి జ్ఞానోదయం కావడానికి ముగ్గురు ఆడవాళ్ళని, ఒక భార్యని, ఒక కోతిని, ఒక అప్సరసని, పక్కపక్కన నిలబెట్టి బేరం చూడాల్సి వచ్చింది. నాగార్జునకొండ శిల్పులకి ఈ ఘట్టం ఎంత నచ్చిందో, కోతితో సహా రాతిలో చెక్కారు. చివరి సర్గలో బుద్ధుడు ఒక మాటంటాడు: నీ స్థైర్యం గురించి విని నీ భార్య కూడా ఇంట్లోనే ఉండి స్త్రీలకి వైరాగ్యం బోధిస్తుందని. అది ఆమె చెప్పిన మాట కాదు, ఆమె గురించి ఇద్దరు మగవాళ్ళు అనుకున్న మాట. పైగా 'ఇంట్లోనే ఉండి.'

గ్రీకుల పెనెలోపీ కూడా ఇరవై ఏళ్ళు ఎదురుచూసింది. కానీ ఆమె మొగుడు తిరిగొచ్చాడు. అందుకని ఆమె ఎదురుచూపుకి కథలో విలువ దొరికింది. తిరిగిరాని మొగుడి కోసం చూసిన ఎదురుచూపుని ఏం చెయ్యాలో మన కావ్యానికి తెలియలేదు.

ఆ కొండ దిగువన హారీతి విగ్రహం ఉంది. హారీతి కథ కూడా చెప్పుకోవాలి. ఆమె ఊళ్ళో పిల్లల్ని తినే యక్షిణి. ఆమెకి ఐదు వందలమంది పిల్లలు. బుద్ధుడు ఆమె చిన్న కొడుకుని దాచిపెట్టి కడుపుకోత ఏమిటో తెలిసేలా చేస్తాడు. ఆమె మారి పిల్లల్ని కాపాడే తల్లి అవుతుంది. అందుకు బదులుగా విహారాల్లో ఆమెకి రోజూ అన్నం పెడతారు. 7వ శతాబ్దంలో మన దేశానికొచ్చిన చైనా భిక్షువు ఇత్సింగ్, విహారాల ముంగిట్లోనో భోజనశాల మూలలోనో ఆమె బొమ్మ ఉండేదని రాశాడు. నాగార్జునకొండలో, గ్రీకు రోమన్ రంగస్థలాల్ని గుర్తుచేసే ఆ మెట్ల కట్టడానికి పైన కూడా ఆమె గుడి ఉంది. భార్య అడుగుపెట్టకూడని చోట తల్లికి పీట వేశారు. అదీ వంటింటి పక్కన. ఈ ఏర్పాటు మనకేమీ కొత్త కాదు.

"పాపకి ఫోన్ చేద్దామా?" అన్నాడతను, హారీతి కథ విన్నాక. చేశాం. అత్తయ్య తీసి, "అన్నం తింది, మీరు నిదానంగా రండి" అంది.

ఆదివారం తొట్లకొండ ఎక్కాం. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తు. కింద మంగమారిపేట, ఎదురుగా బంగాళాఖాతం. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరొచ్చింది. 1988 నుంచి 1992 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు చేసింది. విహారాలు, స్తూపాలు, భోజనశాల బయటపడ్డాయి. శాతవాహన నాణాలతో పాటు రోమన్ వెండి నాణాలూ దొరికాయి. రెండువేల ఏళ్ళ కిందట ఈ తీరానికి పడమటి లోకంతో ఉన్న లావాదేవీలకి అవి సాక్ష్యం. 2019 అక్టోబరు వానలకి మహాస్తూపం కొంత కూలితే తర్వాత మళ్ళీ కట్టారు.

ఆదివారం కాబట్టి జంటలు చాలామందే ఉన్నారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు, పెళ్ళికాని వాళ్ళు, మాలాంటి పాత కాపులు. స్తూపం ఎంత పెద్దదో తెలియాలని నా సహచరుడు నన్ను దాని పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు. నాకు నవ్వొచ్చింది. ఇది జంటలకి చోటులేని ఊరు. ఇక్కడ బతికినవాళ్ళు ఎక్కడో ఒక భార్యని, ఒక తల్లిని వదిలి వచ్చినవాళ్ళు. ఇప్పుడు అదే చోటికి జంటలు ఏకాంతం వెతుక్కుంటూ వస్తున్నారు. వెళ్ళిపోయినవాళ్ళ కథలోనూ స్త్రీ లేదు, కలిసి వచ్చినవాళ్ళ ఫొటోలో ఆమె కొలబద్దగా ఉంది.

యశోధర సంగతేమిటని మీరడగొచ్చు. ఓల్గా 'యశోధర' నవల మనకి పెద్ద అండ. వదిలేయబడ్డ భార్యగా తప్ప ఎవరూ చూడని మనిషిని, ఆలోచించే మనిషిగా, సిద్ధార్థుడి అన్వేషణలో భాగస్వామిగా, స్త్రీల జ్ఞానమార్గం కోసం తపించిన మనిషిగా ఆమె నిలబెట్టారు. ఆ నవల నాకిష్టం. అయినా నాకు దానితో చిన్న పేచీ ఉంది. యశోధర అర్థం చేసుకుని అతన్ని వెళ్ళనిస్తుంది. ఆమె అంగీకారంతో అతని నిష్క్రమణకి ఉన్న మచ్చ కొంత తుడుచుకుపోతుంది. అర్థం చేసుకోవడమనే పని మళ్ళీ ఆమె మీదే పడింది. అర్థం చేసుకోని సుందరి, కోపం వచ్చిన సుందరి, "ఆరకముందే రా" అని గడువు పెట్టిన సుందరి నాకు ఆ కొండ మీద ఎక్కువ దగ్గరగా అనిపించింది.

ఇల్లు వదిలిన స్త్రీలు లేరా అంటే ఉన్నారు. సూసీ తారు, కె. లలిత 1991లో తెచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' తొలి సంపుటం థేరీగాథలతోనే మొదలవుతుంది. రోలూ రోకలీ గూని మొగుడూ, ఈ మూడు వంకరల నుంచీ బయటపడ్డానన్న ముత్త మనకి పాత స్నేహితురాలు. కానీ వాళ్ళకి ఆ తలుపు తేలిగ్గా తెరుచుకోలేదు. మహాప్రజాపతి గౌతమి మూడుసార్లు అడిగితే బుద్ధుడు మూడుసార్లూ కాదన్నాడని, ఆనందుడు కల్పించుకుని వాదించాక ఎనిమిది షరతులతో ఒప్పుకున్నాడని వినయపిటకం చెబుతుంది. దీక్ష తీసుకుని నూరేళ్ళయిన భిక్షుణి కూడా ఆనాడే చేరిన భిక్షువుకి లేచి దణ్ణం పెట్టాలన్నది అందులో మొదటిది. నందుడిని ఏడుస్తున్నా లాక్కెళ్ళారు. గౌతమిని ఏడుస్తున్నా గుమ్మం బయట నిలబెట్టారు. ఈ రెండు ఘట్టాల్ని పక్కపక్కన పెట్టి నేను ఏ పాఠంలోనూ చదువుకోలేదు.

కావ్యాల్లో దొరకని స్త్రీ శాసనాల్లో దొరుకుతుంది. 3వ శతాబ్దపు నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేశాడు. అతని సోదరి చాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టింది. అక్కడి రాజులు యాగాలు చేస్తుంటే వాళ్ళ ఆడవాళ్ళు బౌద్ధానికి కట్టడాలు కట్టించారు. రాజకుటుంబం కాని బోధిసిరి అనే ఉపాసిక కూడా ఉంది. సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. అంతటితో ఆగకుండా, కంటకశైలలో, అంటే ఇప్పటి ఘంటసాలలో, ఇంకా ఎన్నో చోట్ల తాను కట్టించిన మండపాలు, గదులు, చెరువు, వరసగా లెక్క రాయించింది. ఆ పుణ్యాన్ని భర్తకి, తల్లిదండ్రులకి, తోబుట్టువులకి పంచిపెట్టింది.

ఈ శాసనాల్ని చదివి కొందరు, చూశారా, ఆమె తన పేరుని బంధుత్వాల మధ్యే చెప్పుకోవాల్సి వచ్చింది అంటారు. నిజమే. కానీ వాక్యంలో కర్త ఎవరో చూడండి. కూతురు, భార్య, అక్క, ఇవన్నీ విశేషణాలు. కట్టించింది మాత్రం ఆమే. నందుడు బంధాలన్నీ తెంచుకుంటే తప్ప మనిషి కాలేదు. బోధిసిరి అందరి పేర్లూ వెంటేసుకునే తన పని చేసింది. కావ్యం మనకి రెండే దారులు చూపించింది, ఇంట్లో ఏడవడం, లేదా ఇల్లు వదిలెయ్యడం. ఈ మూడో దారి రాతి మీద ఎప్పటినుంచో ఉంది. మన సాహిత్య విమర్శ దాన్ని చరిత్ర శాఖకి వదిలేసింది.

నా సిద్ధాంత గ్రంథంలో కృతజ్ఞతల పేజీ గుర్తొచ్చింది. "పరిశోధనకి అనుమతించిన నా భర్తకి" అని రాశాను. అక్షరాలా అదే మాట. ఆ నాలుగేళ్ళూ పాపకి స్నానం చేయించి, అన్నం పెట్టి, జ్వరాలకి మేలుకున్న అత్తయ్య పేరు అందులో లేదు. నేను కర్తని కాలేదు, అసలు పని చేసిన మనిషిని లెక్కలోకే తీసుకోలేదు. అశ్వఘోషుణ్ణి అంటున్నాను గానీ, మేడ మీద దాసీల పేర్లు ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

భోజనశాల గోడల పక్కన కూచున్నప్పుడు అతనికి ఇదంతా చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తావ్?" అన్నాడు. అది అనుమతీ కాదు, "నీ ఇష్టమూ" కాదు. సుందరి ప్రశ్న. పెళ్ళయ్యాక మా ఇంట్లో ఆ ప్రశ్న అతని నోట్లోంచి రావడం అదే మొదటిసారి.

"నెలకి రెండు శనాదివారాలు. మిగతా రెండూ మీరు రండి" అన్నాను.

"పాపని నేను చూసుకుంటాన్లే" అన్నాడు.

"నైట్ షిఫ్టుల్లో?"

జవాబు లేదు. జవాబు మా ఇద్దరికీ తెలుసు. అత్తయ్యే చూసుకుంటుంది. నేను వెళ్ళడమంటే ఇంకో స్త్రీ ఇంట్లో ఉండిపోవడం. నా నిష్క్రమణకి కూడా ఒక సుందరి ఉంది. ఆమెకి అరవై నాలుగేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఈ విషయాన్ని తప్పించుకుని స్త్రీవాద వ్యాసం రాయడం నాకు చేతకాలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక మొదట ఆమెనే అడిగాం, ఇద్దరం కలిసి, అప్పటిదాకా ఎవరూ అడగనట్టుగా. ఆమె వెంటనే సరేననలేదు. పగటి పూటకి మనిషిని పెట్టాలంది. ఇతను నైట్ షిఫ్టు నుంచి వచ్చి పడుకునే ముందు పాపని బడికి తయారుచెయ్యాలంది. వేసవిలో నెల రోజులు తను తన అక్కయ్య దగ్గరికి వెళ్తానంది, ఆ నెల ఎవరు చూసుకుంటారో మీరే తేల్చుకోండంది. గడువు పెట్టడం ఆమెకీ తెలుసు.

చేరుతున్నానని నెలాఖరుకి ఒక రోజు ముందు రాశాను. సిద్ధాంత గ్రంథం ఎప్పటికైనా పుస్తకంగా వస్తే కృతజ్ఞతల పేజీ మార్చాలి. అనుమతి అన్న మాట కొట్టేస్తాను. అత్తయ్య పేరు మొదటి వరసలో రాస్తాను, ఆమె ఏమేం చేసిందో బోధిసిరి రాయించినట్టు ఒక్కొక్కటీ లెక్కపెట్టి.