దిగని ప్రయాణం: దంపతుల క్యారవాన్ యాత్రాకథనం – కాశీయాత్రచరిత్ర నేపథ్యంలో ఒక పరిశీలన

తెలుగు పాఠకునికి క్యారవాన్ అనగానే మొదట స్ఫురించేది చిత్రీకరణ స్థలాల్లో సినిమా తారలు విశ్రాంతి తీసుకునే బండి. ఇటీవల ఆ మాటకు మరో అర్థం చేరింది. కేరళ ప్రభుత్వం 2021లో క్యారవాన్ పర్యాటకాన్ని ప్రకటించింది; ఆంధ్రప్రదేశ్ కూడా 2025లో అటువంటి విధానాన్ని తెచ్చింది. పడక, పొయ్యి, నీటితొట్టి ఒకే బండిలో అమర్చుకొని భార్యాభర్తలు ఇద్దరే సముద్రతీరం వెంట, అడవి దారుల్లో తిరిగి ఆ అనుభవాన్ని రాయడం ఒక రచనారూపంగా స్థిరపడుతున్నది. స్వేచ్ఛ, ఏకాంతం, ప్రకృతి అనే మూడు మాటల చుట్టూ ఈ కథనాలు తిరుగుతాయి. యాత్రాసాహిత్య విమర్శ వీటిని ఇంతవరకు తీరిక రచనలుగానే చూసింది. అయితే ఏ నేల చూడదగినది, ఏ నేల దాటిపోదగినది అనే తీర్పును ఇవి నిశ్శబ్దంగా చేస్తున్నాయి. ఆ తీర్పు పరిశీలనార్హం.

రాయచోటి నుంచి చూస్తే ఈ తీర్పు స్పష్టంగా తెలుస్తుంది. కర్నూలు, నంద్యాల, కడపల మీదుగా చిత్తూరు వైపు వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి గువ్వలచెరువు కనుమ దాటి రాయచోటి చేరుతుంది. ఉత్తరం నుంచి తమిళనాడు తీరానికి వెళ్లే ప్రయాణికులకు ఇది అనువైన దారి. యాత్రాకథనంలో కనుమ మలుపులకు ఒక వాక్యం దక్కవచ్చు. గువ్వలచెరువు పాలకోవాకు మరొకటి. ఆ తరువాత వచ్చే వేరుశనగ చేలు, మామిడితోటలు, రాళ్లగుట్టలు, మాండవ్య ఒడ్డున ఉన్న పట్టణం కిలోమీటర్ల సంఖ్యగా మిగిలిపోతాయి. తీరానికీ అడవికీ తెలుగులో సిద్ధంగా ఉన్న విశేషణాలు మెట్టనేలకు లేవు. కనువిందు, మనోహరం, ఆహ్లాదకరం అనే మాటలు ఇక్కడ పనిచేయవు. వాటికి బదులు కరవు అనే ఒక్క మాట వచ్చి కూర్చుంటుంది. అది నేలను చూసి రాసిన మాట కాదు, చూడకముందే సిద్ధమైన మాట.

మజిలీ అనే ప్రమాణం

ఈ రూపానికి తెలుగులో దగ్గరి పూర్వరూపం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగి అయిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. పోయేటప్పుడు తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరుల మీదుగా. వచ్చేటప్పుడు కలకత్తా, జగన్నాథం, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం మీదుగా. అంటే వెళ్లేదారిలో శేషాచలం, నల్లమల అడవులు, తిరుగుదారిలో తూర్పుతీరం. నేటి క్యారవాన్ కథనం కోరుకునే రెండు దృశ్యాలూ అందులో ఉన్నాయి. పల్లకి, డేరాలు, వంటసామగ్రి, నూరుమంది దాకా పరివారం వెంట ఉన్నందువల్ల దానిని నడిచే ఇల్లు అనడం అతిశయోక్తి కాదు.

అయినా ఆ రచన దృశ్యం కోసం ఆగదు. ఊరు పెద్దదా చిన్నదా, నీళ్లు ఎలాంటివి, దిగడానికి సత్రమో తోపో ఉన్నదా, అంగళ్లలో ఏ పదార్థాలు దొరుకుతాయి, దారి ఇసుకా రాయా అన్న విషయాలను మజిలీ తరువాత మజిలీగా నమోదు చేస్తుంది. అడవి వచ్చినా, తీరం వచ్చినా, మెట్ట వచ్చినా అడిగే ప్రశ్నలు మారవు. అందువల్ల మెట్ట ఊరికి కూడా తీరపు ఊరితో సమానమైన వాక్యం దక్కుతుంది. ఇది సౌందర్యదృష్టి లోపమని కొందరికి తోచవచ్చు. నిజానికి అది ఒక రకమైన సమదృష్టి. శ్రీనివాసపిళ్లకు లేఖలుగా రాసిన ఈ విషయాలను ఆయనే సంకలనం చేశాడు. వీరాస్వామయ్య 1836లో మరణించగా, రచన 1838లో అచ్చయింది. తరువాత ఆ దారిన వెళ్లేవారికి పనికిరావాలన్న ఉద్దేశం వాక్యనిర్మాణంలోనే కనిపిస్తుంది.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పుకోవాలి. తిరుపతి నుంచి కడపకు వీరాస్వామయ్య పట్టిన దారి కోడూరు, ఒంటిమిట్టల మీదుగా పోతుంది. రాయచోటి పాలకొండలకు ఆవలి వైపు ఉండిపోయింది. సమదృష్టి ఉన్న యాత్రికుడు కూడా తన దారిలో ఉన్నదానినే చూడగలడు. కాబట్టి ఆ గ్రంథం రాయచోటి గురించి ఏమి చెప్పిందన్నది కాదు, అటువంటి ఊరిని చూడడానికి ఏ పద్ధతినిచ్చిందన్నది ఇక్కడి ప్రశ్న.

ఆ పద్ధతికి కీలకం దిగడం అనే క్రియ. తెలుగులో ప్రయాణికుడు ఒక ఊళ్లో దిగుతాడు, బస చేస్తాడు, మకాం వేస్తాడు. విడిది, సత్రం, చలివేంద్రం అన్నీ ఎవరో ఒకరు ఇచ్చేవి, అడిగి పొందవలసినవి. క్యారవాన్ ఈ క్రియను అనవసరం చేస్తుంది. పడక బండిలోనే ఉన్నప్పుడు ఊరిని అడగవలసినది తగ్గిపోతుంది. బండి నిలిచిన చోటు మజిలీ కాదు, దృశ్యం ఎదుట ఆపిన కిటికీ. సొంత ఇల్లు వెంట ఉండడం స్వేచ్ఛగా వర్ణితమవుతున్నది గాని, దానివల్ల యాత్రాకథనం కోల్పోయిన సంభాషణ గురించి ఆలోచన రాలేదు.

‘మేము’ అనే సర్వనామం

దంపతుల కథనాన్ని నడిపించే సర్వనామం మేము. వినేవారిని కలుపుకొనే మనము, వారిని వెలుపల ఉంచే మేము అనే భేదం తెలుగుకు సహజం. ఈ కథనాల్లో మేము రెండు పనులు చేస్తుంది. పాఠకుణ్ని బండి వెలుపల నిలబెడుతుంది. బండి లోపలి పనివిభజనను కప్పివేస్తుంది. ఉత్తమపురుష క్రియకు లింగభేదం లేదు. ‘వండుకున్నాము’, ‘నడిపాము’, ‘రాత్రి మెలకువగా ఉన్నాము’ అన్నప్పుడు ఎవరు వండారో, ఎవరు నడిపారో, ఎవరు భయపడ్డారో తెలియదు. భార్య రాసినా భర్త రాసినా వ్యాకరణం ఆ సౌకర్యాన్ని సమానంగానే ఇస్తుంది.

కాశీయాత్రచరిత్రలోని నేను దీనికి భిన్నం, అయినా ఫలితంలో దగ్గర. అంతటి పరివారం ఒక్క నేనులో ఇమిడిపోతుంది. ఇంటి స్త్రీల కంఠం అందులో వినిపించదు. బోయీల సంగతి మాత్రం వేరు. వారి కూలి, వారి అవసరాలు రచనలోకి వస్తూనే ఉంటాయి, ఎందుకంటే వారు నడవకపోతే ప్రయాణం ఆగిపోతుంది. ఇంజనుకు ఆ అవసరం లేదు.

కప్పివేత ఎంతదూరం పోగలదో చెప్పడానికి ఆంగ్లంలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. జాన్ స్టైన్‌బెక్ 1960లో గదిని అమర్చిన ట్రక్కులో అమెరికా చుట్టివచ్చి, 1962లో ‘ట్రావెల్స్ విత్ చార్లీ’ ప్రచురించాడు. తోడు కుక్క మాత్రమేనన్నది ఆ పుస్తకానికి పేరు తెచ్చిన భావన. పాత్రికేయుడు బిల్ స్టైగర్‌వాల్డ్ న్యూయార్క్‌లోని మోర్గన్ గ్రంథాలయంలో ఉన్న వ్రాతప్రతిని పరిశీలించి, పసిఫిక్ తీరం వెంట భార్య ఎలైన్ వెంట ఉన్న భాగాలను అచ్చుకు ముందు తొలగించారని చూపాడు. సియాటిల్ నుంచి కాలిఫోర్నియా దాకా సముద్రం, మహావృక్షాల అడవి ఉన్న భాగం అది. ఇద్దరి ప్రయాణం ఒకరి ఏకాంతంగా మారడానికి సర్వనామం మార్చితే సరిపోయింది. తెలుగు కథనాల్లో జరుగుతున్నది దీనికి తలక్రిందులు: ఒకరి శ్రమ ఇద్దరి పేరున జమపడుతుంది.

దృశ్యం లేని దారి

దంపతుల క్యారవాన్ రచన ఇలాగే ఉండితీరాలన్న నియమం లేదు. అర్జెంటీనా రచయిత హూలియో కోర్తాసర్, ఆయన భార్య కరోల్ డన్‌లప్ 1982 మే–జూన్ నెలల్లో ఫోక్స్‌వాగన్ క్యాంపర్‌లో పారిస్ నుంచి మార్సేకు వెళ్లారు. కొన్ని గంటల్లో ముగిసే ఆ ప్రయాణాన్ని ముప్ఫైమూడు రోజులు సాగదీశారు. రహదారిని విడిచిపోకూడదు, రోజుకు రెండు విశ్రాంతి స్థలాల్లోనే ఆగాలి, రెండో చోట రాత్రి గడపాలి: ఇదీ వారి నియమం. అక్కడ సముద్రమూ లేదు, చెప్పుకోదగిన అడవీ లేదు. చెత్తబుట్టలు, లారీలు, చీమలు, చెట్టునీడ వారి వస్తువులయ్యాయి. డన్‌లప్ కుమారుడు ఆ స్థలాల పటాలు గీశాడు. అదే ఏడాది నవంబరులో డన్‌లప్ మరణించింది; పుస్తకం 1983లో ఇద్దరి పేర్లతో వెలువడింది. ఎవరి పేజీ ఎవరిదో పాఠకునికి తెలిసే చోట్లు అందులో ఉన్నాయి. వీరాస్వామయ్య మజిలీకీ వీరి విశ్రాంతి స్థలానికీ పోలిక పైపైది కాదు: రెండింటిలోనూ ఏ చోటునూ దాటవేయకూడదన్న నియమమే రచనను సృష్టించింది. వీరి నియమానికి పరిమితి కూడా ఉంది. రహదారి దిగకూడదన్న షరతువల్ల ఊళ్లు వారికి అందలేదు.

ఇంటితో సహా సంచరించడం తెలుగునేలకు కొత్త కాదన్నది ఈ చర్చలో తరచు మరుగుపడుతుంది. లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని తీరానికీ లోపలి మెట్టసీమలకూ మధ్య కుటుంబాలతో తిరిగారు. తండా అన్న మాట ఆ సంచార విడిదికే చెందినది. ఎరుకలవారు కూడా ఈ దారుల్లో ఉప్పు వర్తకం చేసినవారే. 1911 నుంచి మద్రాసు రాష్ట్రంలో అమలైన నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలవారి సంచారం నేరమైంది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా కట్టడి చేసిన స్థావరాల్లో ఒకటి. ఆ చట్టం 1952లో రద్దయింది. నేటి తీరయాత్రికుడు సూర్యలంక సముద్రాన్ని చూడడానికి ఆ సమీపం నుంచే వెళ్తాడు. ఒకరి సంచారగృహానికి పోలీసు హాజరుపట్టీ, మరొకరి దానికి పర్యాటక విధానం దక్కిన చరిత్ర తెలియకుండా స్వేచ్ఛ అనే మాటను ఈ కథనాల్లో అర్థం చేసుకోవడం కష్టం.

క్యారవాన్‌కూ దిగక తప్పని ఒక చోటు ఉంది. అది నీటితొట్టి. ఎంత పెద్ద బండి అయినా కొద్దిరోజుల్లో నీళ్లు నింపుకోవాలి. తీరంలోనూ అడవిలోనూ ఇది కథనంలోకి రాకుండా గడిచిపోవచ్చు. బోర్లు లోతుకు పోయి, ట్యాంకర్లు తిరిగే రాయచోటి వంటి ప్రాంతంలో గడవదు. అక్కడ ఎవరి బోరు, ఎంత లోతు, కరెంటు ఏ వేళకు వస్తుంది, నీళ్లకు డబ్బు తీసుకున్నారా, వద్దన్నారా, పైపు పట్టుకొని నిలబడినది భర్తా భార్యా అన్న సంగతులు రాయవలసి వస్తుంది. వీరాస్వామయ్య ప్రతి ఊళ్లోనూ ముందుగా విచారించిన విషయాల్లో నీళ్లు ఒకటి. పరిశోధకులు ఈ కొత్త కథనాలను చదివేటప్పుడు సముద్రం ఉన్న పేజీల కన్నా నీళ్లు పట్టుకున్న పేజీలను ముందుగా వెతకడం మంచిది.