దుందుభి అంటే ఎంత?

ఐనవిల్లి సిద్ధి వినాయకుడి గుళ్లో గోత్రం, పేరు చెప్పి అర్చనకు నిలబడితే అర్చకులు ముందు సంకల్పం చెబుతారు. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. అన్నీ పేర్లే, తేదీ అంకెల్లో ఎక్కడా ఉండదు. అయినా అరవై ఏళ్ల లోపల అది పక్కా తేదీ. ఆ పేర్లను అంకెల్లోకి దించే లెక్క మన పెద్దలకు నోటి మీద ఉండేది. తెలుగు పంచాంగం యాప్ రాసే కుర్రాళ్లకు ఈరోజు కావలసింది కూడా అదే.

శాలివాహన శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగించండి. మిగిలిన శేషమే అరవై సంవత్సరాల పేర్లలో ప్రభవ నుంచి వరుస సంఖ్య. శకం 1947కి 12 కలిపితే 1959, శేషం 39, విశ్వావసు. శేషం సున్నా వస్తే అక్షయ. వరుసను సున్నా నుంచి లెక్కపెట్టే కంప్యూటర్ భాషల్లో 12 బదులు 11 కలిపితే చాలు: ప్రభవ సున్నా, అక్షయ 59 అవుతాయి. ఒక్కటి మరచిపోకూడదు. సంవత్సరం మారేది ఉగాదికి. 2026 జనవరి కూడా విశ్వావసే.

ఇంతకన్నా నన్ను కట్టిపడేసేది అంకెలను మాటల్లో చెప్పే భూతసంఖ్య. చంద్రుడు ఒకటి, కళ్లు రెండు, వేదాలు నాలుగు, బాణాలు ఐదు, నిధులు తొమ్మిది, ఆకాశం సున్నా. మాటలు చదివిన వరుసలో ఒకట్లు, పదులు, వందలు వేసుకుంటూ ఎడమకు నడవాలి. గోదావరి ఒడ్డున కోరుమిల్లి రాగిరేకుల శాసనంలో రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకం ఇలాగే ఉంది. వేద, అంబురాశి (సముద్రం), నిధి: నాలుగు, నాలుగు, తొమ్మిది. శకం 944. సింహంలో సూర్యుడు, బహుళ విదియ, ఉత్తరాభాద్ర, గురువారం. చరిత్రకారులు తేల్చిన తేదీ 1022 ఆగస్టు 16. ఆ రోజు గురువారమే అయింది! శకం లెక్కకు వారం సాక్షిగా నిలిచిందన్నమాట. రేకు మీద అంకె ఒక గీత అరిగితే ఇంకో అంకెగా చదివేస్తాం. శ్లోకంలో ఇమిడిన మాట ఒకటి మారితే చాలాసార్లు ఛందస్సు తప్పి పట్టిచ్చేస్తుంది. ఇంత భద్రమైన పద్ధతి ఇంకెక్కడుంది?

మళ్లీ యాప్ సంగతికొస్తే, నెలలు చైత్రం 1, ఫాల్గుణం 12 అని పట్టిక రాస్తే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. 2023లో అధిక శ్రావణం, నిజ శ్రావణం రెండూ వచ్చాయి. రెంటికీ 5 అని రాస్తే ఒక నెల మాయమవుతుంది. అధికమా, నిజమా అన్నది విడిగా దాచాలి. ఆశ్వయుజం, ఆశ్వీజం ఒకటేనని, మార్గశిరం, మార్గశీర్షం ఒకటేనని కూడా కంప్యూటర్‌కు మనమే చెప్పాలి.

అరవై ఏళ్ల చక్రంలో చిక్కు వేరు. రాజరాజుకు పట్టం కట్టిన సంవత్సరం దుందుభి. 1922 దుందుభి, 1982 కూడా దుందుభే. జాతకంలో ఉత్త పేరే రాసి ఉంటే ఏ దుందుభో ఇంట్లో పెద్దవాళ్లే చెప్పాలి. వాళ్లున్నప్పుడే అడిగి, ఆ పేరు పక్కన శక సంవత్సరం అంకెల్లో రాసి పెట్టండి.