సీసపు కుట్లతో నిలిచిన వెలుగు

పారిస్ నుంచి నైరుతిగా 90 కిలోమీటర్లు వెళితే బోస్ మైదానం. కనుచూపు మేర గోధుమ చేలు. ఊరు ఇంకా కనపడకముందే ఆ చేల మీదుగా ఒకదానితో ఒకటి పోలిక లేని రెండు శిఖరాలు తేలి వస్తాయి. ఒకటి 105 మీటర్లు, రెండోది 113. అదే షార్త్ర. ఊళ్లో వాగొడ్డు వీధులున్నాయి, రాతి వంతెనలున్నాయి. కానీ షార్త్ర అంటే నాకు ముందుగా దాని ప్రధాన చర్చి కిటికీలే.

1194లో నిప్పంటుకుని పాత చర్చి చాలావరకు కాలిపోయింది. ఆ పునాదుల మీదే కొత్త కట్టడం మొదలై, పాతికేళ్లు తిరిగేసరికి దాదాపు పూర్తయింది. 1260లో ప్రతిష్ఠ జరిగింది. పైకప్పు తోపుడును బయటి రాతి కమానులు తట్టుకోవడంతో గోడలకు ఆ భారం తగ్గింది. తగ్గిన చోటల్లా గాజు నింపారు. మొత్తం 176 కిటికీలు, సుమారు 2,600 చదరపు మీటర్ల రంగుగాజు.

ఆ పని ఎలా చేసేవారో 12వ శతాబ్దంలో థియోఫిలస్ అనే పేరుతో ఒక సన్యాసి వివరంగా రాసిపెట్టాడు. ఇసుకలో బీచ్ చెట్టు బూడిద కలిపి కొలిమిలో కరిగిస్తారు. రాగి కలిస్తే ఎరుపు, కోబాల్ట్ కలిస్తే నీలం. ఎర్రగాజు మందమైతే వెలుగు దూరక నల్లబడుతుంది, కాబట్టి తెల్లగాజు మీద దాన్ని పలుచని పొరగా ఎక్కించేవారు. సున్నం పూసిన బల్ల మీద బొమ్మను అసలు కొలతలోనే గీస్తారు. దాని మీద గాజు పెట్టి, కాల్చిన ఇనుప కమ్మీతో గీత వెంబడి చీలుస్తారు. అంచుల్ని ఇంకో ఇనుప పనిముట్టుతో కొద్దికొద్దిగా గిల్లుతూ సరిచేస్తారు. కుంచెతో చేసే పని ముఖాలకు, వేళ్లకు, బట్టల మడతలకు మాత్రమే. లోహపు భస్మాన్నీ గాజు పొడినీ ద్రాక్షసారాతోనో మూత్రంతోనో నూరి పూసి, మళ్లీ కాలుస్తారు. ఆ గీత గాజులో కలిసిపోతుంది.

ఆఖరున సీసం. రెండు పక్కలా గాడి ఉన్న మెత్తని సీసపు పట్టీల్లో ముక్కలు కూర్చి, కలిసిన చోటల్లా టంకం వేస్తారు. ఈ విద్యలో గొప్పతనమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. గాజును పట్టి ఉంచే పట్టీయే బొమ్మకు రేఖ కూడా అవుతుంది. మెదక్ చర్చి కిటికీలను పగటి వెలుగులో చూసినవారు ఆ నల్లని గీతల్ని గుర్తుచేసుకోవచ్చు.

షార్త్ర నీలం మాట వినే ఉంటారు. 1180 ప్రాంతంలో చేసి, మంటల్లోంచి బయటపడిన మరియమ్మ కిటికీలో ఆ నీలం ఇప్పటికీ తేటగా ఉంది. సోడా శాతం ఎక్కువున్న ఆ పాత నీలిగాజు, మిగతా రంగుల కంటే వానకూ గాలికీ బాగా తట్టుకుంది.

కుట్టినట్టు కూర్చిన పని కాబట్టే విప్పడమూ సాధ్యమైంది. ఒక్కో కిటికీ ఇనుప చట్రంలో బిగించిన చిన్న చిన్న పలకల సమూహం. 1918లోనూ, 1939లో యుద్ధం ముంచుకొచ్చినప్పుడూ వాటిని పలక పలకగా దించి దాచారు. 1944 ఆగస్టులో గోపురాల్లో జర్మన్ సైనికులున్నారన్న అనుమానంతో చర్చి మీద ఫిరంగులు పేల్చే ప్రమాదం వచ్చింది. వెల్‌బోర్న్ గ్రిఫిత్ అనే అమెరికన్ కల్నల్ స్వయంగా లోపలికెళ్లి, శత్రువులెవరూ లేరని తేల్చి దాన్ని కాపాడాడు. అదే రోజు దగ్గరి లేవ్ గ్రామంలో ఆయన ప్రాణం పోయింది. యుద్ధం ముగిశాక గాజు తిరిగి తన చోటికి చేరింది. దాన్ని దించి, మళ్లీ ఎక్కించిన పనివాళ్ల ఓర్పును తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆ విద్య ఊళ్లో ఆగిపోలేదు. 1946లో గాబ్రియెల్ లువార్ స్థాపించిన గాజు కార్యశాల పక్కనున్న లేవ్‌లోదే. చర్చి పక్కన పాత ధాన్యపు కొట్టులో రంగుగాజు కేంద్రం నడుస్తోంది. పాత కిటికీలకు బయటివైపు రక్షణ గాజు బిగిస్తూ వస్తున్నారు. 1979 నుంచి ఈ చర్చి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది.

మీరు వెళితే ఎండ కాసే రోజు చూసుకోండి. ఒక పూటంతా కేటాయించండి, బైనాక్యులర్స్ వెంట ఉంచుకోండి. చాలా కిటికీల్లో కథ కింది నుంచి పైకి నడుస్తుంది. నోవహు కిటికీలో ఓడ కంటే ముందు, అడుగు వరుసలో మీకు కనిపించేది పని చేసుకుంటున్న వడ్రంగులు, పీపాలు చేసేవాళ్లు, బండి చక్రాలు చేసేవాళ్లు.