దిమ్మె దిగిన ముగ్గురు స్త్రీలు

బోస్టన్ నగరంలో కామన్‌వెల్త్ అవెన్యూ మధ్యలో చెట్ల నీడన పొడుగ్గా సాగే నడకదారి ఒకటుంది. ఆ దారిలో చాలాకాలం పాటు విగ్రహాలైన మనుషులంతా మగవాళ్ళే. అలెగ్జాండర్ హామిల్టన్ 1865 నుంచీ నిలబడి ఉన్నాడు. బానిసత్వానికి వ్యతిరేకంగా పత్రిక నడిపిన గారిసన్ 1886 నుంచీ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అందరూ దిమ్మెల మీదే. తలెత్తితే గాని మొహాలు కనపడవు. 2003 అక్టోబర్‌లో ఆ వరసలోకి ముగ్గురు స్త్రీలు వచ్చారు. కవయిత్రి ఫిలిస్ వీట్లీ, రెండో అధ్యక్షుడి భార్య, గొప్ప ఉత్తరాలు రాసిన అబిగైల్ ఆడమ్స్, స్త్రీల ఓటుహక్కు కోసం జీవితమంతా పనిచేసిన లూసీ స్టోన్. శిల్పి మెరెడిత్ బర్గ్‌మన్.

ఈ ముగ్గురికీ కూడా గ్రానైట్ దిమ్మెలున్నాయి. వాటి మీద మాత్రం ఎవరూ లేరు. ఫిలిస్ తన దిమ్మెని రాతబల్లగా చేసుకుని, వేలు చెంపకి చేర్చి ఆలోచిస్తోంది. లూసీ స్టోన్ తన దిమ్మె మీదికి వంగి రాసుకుంటోంది. అబిగైల్ చేతులు కట్టుకుని దిమ్మెకి ఆనుకుని నిలబడింది. విగ్రహాన్ని పూజావస్తువుగా నిలబెట్టే మగ సంప్రదాయాన్ని తిరస్కరించి, స్త్రీల పనిని, రాతని ముందుకి తెచ్చిన శిల్పమని దీన్ని మెచ్చుకున్నారు. దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకోవచ్చు, పక్కన కూర్చోవచ్చు.

ఆ మెచ్చుకోలుని నేను పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను.

తెలుగులో గుళ్ళో దేవుడికీ కూడలిలో నాయకుడికీ ఒకటే మాట, విగ్రహం. కింద ఉన్నదాన్ని దిమ్మె అంటాం, గౌరవం కలిస్తే పీఠం అంటాం. పీఠం ఎక్కడం అంటే అధికారంలోకి రావడం. అంటే ఎత్తు అనేది శిల్పానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదని మన భాషకి తెలుసు. ఒక వీధిలో వందేళ్ళకి పైగా మగవాళ్ళు పైనే ఉండగా, స్త్రీలు వచ్చీ రాగానే 'మాకు పీఠాలు అక్కర్లేదు' అన్నట్టు కింద కూర్చుంటే దాన్ని తిరస్కారం అందామా, అలవాటు అందామా? ఎక్కినవాళ్ళు దిగితే అది త్యాగం. ఎక్కకముందే దిగినవాళ్ళని ఏమనాలి? హామిల్టన్‌ని ఎవరూ కిందికి దించలేదు. మానవీయంగా, స్నేహంగా, అందుబాటులో ఉండమని అడిగింది మళ్ళీ స్త్రీలనే.

నేను చూసిన మధ్యాహ్నం ఒక కాలేజీ కుర్రాడు ఫిలిస్ రాతబల్ల మీద కాఫీ కప్పు పెట్టి ఫోను చూసుకుంటున్నాడు. అతని తప్పేం లేదు. బల్ల బల్లలాగే ఉంది మరి. ఆ కాఫీ కప్పు గారిసన్ దగ్గర పెట్టాలంటే మాత్రం నిచ్చెన కావాలి.

ఫిలిస్ విషయంలో నాకు ఇది మరీ గుచ్చుకుంటుంది. పశ్చిమాఫ్రికా నుంచి 1761లో బోస్టన్ రేవులో దిగినప్పుడు ఆమెకి ఏడెనిమిదేళ్ళుంటాయి. ఆమెని మోసుకొచ్చిన ఓడ పేరే ఆమెకి పేరుగా పెట్టారు, కొన్న ఇంటివాళ్ళ పేరు ఇంటిపేరైంది. పదమూడు పద్నాలుగేళ్ళకే కవిత్వం రాసింది. నల్లపిల్ల, బానిస, ఇంత రాసిందంటే నమ్మేదెవరు? అందుకని ఇవి ఈమె రాసినవేనని ధృవీకరిస్తూ బోస్టన్ పెద్దమనుషులు పద్ధెనిమిది మంది సంతకాలు చేశారు. గవర్నర్ థామస్ హచిన్సన్ ఒకడు, ఆ తర్వాత స్వాతంత్ర్య ప్రకటన మీద పెద్ద సంతకంతో పేరుకెక్కిన జాన్ హాన్‌కాక్ ఒకడు. 1773లో పుస్తకం లండన్‌లో అచ్చయింది, ఆ ధృవీకరణతో సహా. 1784లో ముప్పై ఏళ్ళు దాటీ దాటకుండానే పేదరికంలో చనిపోయింది. సమాధి ఎక్కడో గుర్తు లేదు.

నా పీహెచ్‌డీ మౌఖిక పరీక్షలో ఒక పెద్దాయన నవ్వుతూ, 'ఈ అధ్యాయం మీ గైడుగారు దగ్గరుండి రాయించారామ్మా?' అన్నారు. గదిలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఫిలిస్ ముందు నిలబడినప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చింది. రెండూ సమానమని కాదు. ఆమె బానిస, నేను ఫెలోషిప్ తీసుకున్నదాన్ని. అయితే 'నువ్వేనా రాసింది' అన్న ప్రశ్న ఎవరిని అడుగుతారు, ఎవరిని అడగరు అనేది రెండున్నర శతాబ్దాల్లో పెద్దగా మారలేదు.

బర్గ్‌మన్ ఎంచుకున్న భంగిమ ఆ 1773 పుస్తకం ముందుపేజీలో ఉన్న చిత్రం నుంచి తీసుకున్నదే. ఆ చిత్రంలో ఆమె రాస్తూ కనపడటం కూడా ఒక సాక్ష్యమే, 'చూడండి, నిజంగానే రాస్తోంది' అని. కంచులో కూడా ఆమె ఇంకా రాసి చూపిస్తూనే ఉంది. ఆ ఒక్క మనిషినైనా ఎత్తున నిలబెట్టి, చేతిలో కలం లేకుండా, ఎవరికీ ఏమీ రుజువు చెయ్యనక్కర్లేని మనిషిగా ఊహించి ఉంటే ఎలా ఉండేది?

ధృవీకరించిన గవర్నర్ హచిన్సన్ పేరు బోస్టన్ స్త్రీల చరిత్రలో ఇంకోచోటా వినపడుతుంది. అతని పూర్వీకురాలు ఆన్ హచిన్సన్. ఆమె విగ్రహం బీకన్ హిల్ మీద, రాష్ట్ర శాసనసభ భవనం ముందు ఉంది. మంత్రసాని, పదిహేనుమంది బిడ్డల్ని కన్న తల్లి. ఇంట్లో స్త్రీలని కూర్చోబెట్టి ఆదివారం ప్రసంగాల మీద చర్చ నడిపేది. క్రమంగా మగవాళ్ళూ రావడం మొదలుపెట్టారు. అక్కడే పెద్దలకి చెమటలు పట్టాయి. 1637లో గవర్నర్ జాన్ విన్‌త్రాప్ అధ్యక్షతన విచారణ, 1638లో చర్చి నుంచి వెలి, కాలనీ నుంచి బహిష్కారం. వినాల్సిన మనిషి బోధించింది, భార్యగా ఉండాల్సిన మనిషి భర్తలా నడుచుకుంది అన్నది ఆమె మీద వచ్చిన నిందల సారం. సైరస్ డాలిన్ చేసిన ఆమె విగ్రహం 1922లో ఇక్కడికి వచ్చింది. పెట్టించిన వాళ్ళలో రాష్ట్ర మహిళా క్లబ్బుల సమాఖ్య ఉంది. ఆకాశం వైపు చూపు, చేతిలో బైబిల్, కొంగు పట్టుకున్నట్టు పక్కన చిన్న కూతురు. వాదించిన మనిషిని భక్తురాలిగా, తల్లిగా మలిచి తీసుకొచ్చారు. అలా అయితేనే లోపలికి రానిస్తారని ఆ క్లబ్బుల స్త్రీలకి తెలిసే ఉంటుంది. బహిష్కార ఉత్తర్వుని రద్దు చెయ్యడానికి మాత్రం 1987 దాకా పట్టింది.

అదే ఆవరణలో మేరీ డయ్యర్ కూర్చుని ఉంది. చర్చి హచిన్సన్‌ని వెలివేసినప్పుడు లేచి ఆమెతో కలిసి బయటికి నడిచింది ఈమే. అంతకుముందు మేరీకి మృతశిశువు పుడితే మంత్రసానితనం చేసిందీ హచిన్సనే. విన్‌త్రాప్ ఆ శిశువుని గోతిలోంచి తవ్వి తీయించి, వికృతాకారమని వివరంగా రాసిపెట్టాడు. దైవం వేసిన శిక్ష అన్నాడు. స్త్రీ ఆలోచన మీద తీర్పు చెప్పాల్సి వచ్చినప్పుడు ఆమె గర్భం దగ్గరికి వెళ్ళి సాక్ష్యం వెతకడం! మేరీ తర్వాత క్వేకర్ అయింది. వద్దన్నా బోస్టన్‌కి మళ్ళీ మళ్ళీ వచ్చింది. 1660లో ఉరి తీశారు. తానూ క్వేకరే అయిన సిల్వియా షా జడ్సన్ చేసిన ఈ శిల్పం 1959 నాటిది. సాదా బల్ల, ఒళ్ళో చేతులు, వంచిన తల. క్వేకర్ల మౌన ప్రార్థన అది. బోస్టన్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన విగ్రహం ఇదే. కూర్చుని కూడా ఎవరికీ అందుబాటులో లేని స్త్రీ ఈమె. విన్‌త్రాప్ కూడా నగరంలో ఉన్నాడు లెండి, హచిన్సన్‌ని వెలివేసిన అదే ఫస్ట్ చర్చి ఆవరణలో.

ఆ కొండ దిగితే బోస్టన్ కామన్. 2023 జనవరిలో అక్కడ ఆవిష్కరించిన 'ఎంబ్రేస్' గురించి చాలా చర్చ జరిగింది. 1964లో నోబెల్ శాంతి బహుమతి వార్త తెలిశాక మార్టిన్ లూథర్ కింగ్, కొరెటా స్కాట్ కింగ్ కౌగిలించుకున్న ఫోటో ఆధారంగా హాంక్ విల్లిస్ థామస్ చేసిన ఇరవై అడుగుల కంచు శిల్పం. చేతులే ఉంటాయి, తలలు లేవు. వెక్కిరించిన వాళ్ళతో నేను కలవను. కొరెటా బోస్టన్‌లో సంగీతం చదువుకుంది, కింగ్‌ని కలిసింది ఇక్కడే. ఆయనతో సమానమైన కొలతలో ఆమె చేతులుండటం చిన్న సంగతి కాదు. అయితే కింగ్ మొహం ప్రపంచమంతటికీ తెలుసు, తల లేకపోయినా నష్టం లేదు. ఆమె మొహం ఎంతమందికి తెలుసు?

ఇంతవరకూ విగ్రహాలుగా మారిన స్త్రీల గురించే చెప్పాను. విగ్రహాలని లెక్కపెట్టి ఇంతమంది మగవాళ్ళు, ఇంతమంది ఆడవాళ్ళు అని చెప్పడం మనకి అలవాటైన విమర్శ. అది అవసరమే. అయితే చెయ్యి ఎవరిది, డబ్బు ఎవరిది అని అడిగితే ఇంకో చరిత్ర బయటపడుతుంది.

సెనేటర్ చార్లెస్ సమ్నర్ విగ్రహం కోసం 1875లో పోటీ పెట్టారు. పేర్లు కనపడకుండా నమూనాలు చూశారు. గెలిచిన నమూనా ఆన్ విట్నీది. శిల్పి స్త్రీ అని తెలిశాక పని ఇవ్వలేదు. మగవాడి కాళ్ళని స్త్రీ మలచడం మర్యాద కాదట! సమ్నర్ ప్యాంటు వేసుకునే ఉన్నాడు. పని థామస్ బాల్‌కి వెళ్ళింది, అతని సమ్నర్ పబ్లిక్ గార్డెన్‌లో నిలబడ్డాడు. విట్నీ ఊరుకోలేదు. ఆమె సమ్నర్ 1902లో, ఆమెకి ఎనభై ఏళ్ళు వచ్చాక, నది అవతల కేంబ్రిడ్జిలో హార్వర్డ్ స్క్వేర్ దగ్గర కూర్చున్నాడు. ఇరవై ఏడేళ్ళు! విశేషమేమంటే ఈలోగా బోస్టన్‌లోనే ఫానెల్ హాల్ ముందు శామ్యూల్ ఆడమ్స్‌నీ, కామన్‌వెల్త్ అవెన్యూ చివర లీఫ్ ఎరిక్సన్‌నీ చేసింది ఆమే. ఇద్దరికీ కాళ్ళున్నాయి. అంటే ఆ దారిలోకి 2003లో స్త్రీలు కొత్తగా రాలేదు. 1887లోనే ఒక స్త్రీ చెయ్యి అక్కడుంది.

థామస్ బాల్ పేరు గుర్తుంచుకోండి. కామన్‌కి ఆనుకుని ఉన్న పార్క్ స్క్వేర్‌లో 1879 నుంచీ అతను చేసిన 'విముక్తి' శిల్పం ఉండేది. లింకన్ చెయ్యి చాచి నిలబడి ఉంటాడు, నడుముకి గుడ్డ తప్ప మరేమీ లేని నల్లమనిషి అతని పాదాల దగ్గర మోకాలి మీద ఉంటాడు. దీని అసలు ప్రతి వాషింగ్టన్‌లో ఉంది, 1876 నాటిది. ఆ ప్రతికి మూలధనం ఒక స్త్రీది. 1865లో లింకన్ హత్య వార్త విని, బానిసత్వం నుంచి బయటపడిన షార్లెట్ స్కాట్ అనే ఆమె తన స్వేచ్ఛా సంపాదనలోంచి మొదటి అయిదు డాలర్లు ఇచ్చింది. మిగిలిన డబ్బూ విముక్తులైన నల్లవాళ్ళదే, ఎక్కువగా సైనికులది. నమూనా ఎంచుకున్నది మాత్రం తెల్లవాళ్ళ కమిటీ. హారియట్ హాస్మర్ అనే శిల్పి నల్ల సైనికుడు నిటారుగా నిలబడిన నమూనా ఇస్తే ఖర్చెక్కువన్నారు. ఆవిష్కరణ సభలో మాట్లాడిన ఫ్రెడరిక్ డగ్లస్, కొద్దిరోజులకే ఒక పత్రికకి ఉత్తరం రాశాడు. నల్లమనిషి మోకాళ్ళ మీద కాక కాళ్ళ మీద నిలబడిన స్మారకాన్ని చచ్చిపోయేలోగా చూడాలని ఉందన్నాడు. బోస్టన్ ఆ ప్రతిని 2020 డిసెంబర్‌లో తొలగించింది.

చరిత్రని చెరిపేస్తున్నారని అప్పుడు కొందరు బాధపడ్డారు. షార్లెట్ స్కాట్ అయిదు డాలర్లు ఇచ్చి ఏం చూడాలనుకుందో ఎవరూ అడగకపోవడం మాత్రం చెరిపెయ్యడం కిందికి రాదు కాబోలు.

డగ్లస్ కోరిన శిల్పం అప్పటికే ఉంది. బోస్టన్‌లో పనిచేసి రోమ్‌కి వెళ్ళిన ఎడ్మోనియా లూయిస్, నల్లజాతి తండ్రికీ ఒజిబ్వే మూలాలున్న తల్లికీ పుట్టిన శిల్పి, 1867లో 'ఫరెవర్ ఫ్రీ' చేసింది. తెగిన గొలుసుతో చెయ్యెత్తి నిలబడ్డ నల్లమనిషి. లింకన్ లేడు. కానీ అతని పక్కన ఒక స్త్రీ ఉంది, మోకాళ్ళ మీద. అతని చెయ్యి ఆమె భుజం మీద. మగవాడు లేవగానే ఆ మోకరిల్లడం స్త్రీకి బదిలీ అయిందని నాకు మొదట కోపం వచ్చింది. ఆమె చేతులు జోడించింది దేవుడికి గాని అతనికి కాదని వాదించవచ్చు. వివాహం, కుటుంబం కూడా నిషిద్ధమైన బానిస స్త్రీకి ఆ కాలంలో అదే విముక్తిగా కనపడి ఉండవచ్చు. అయినా ఒక నల్లజాతి స్త్రీ శిల్పి, స్త్రీని నిలబెట్టే భాష తన కాలపు పాలరాతిలో వెతుక్కోవాల్సి రావడం చూస్తే కోపం కన్నా దిగులేస్తుంది.

ఖాళీ అయిన పార్క్ స్క్వేర్ నుంచి కొలంబస్ అవెన్యూ పట్టుకుని సౌత్ ఎండ్ వైపు నడిస్తే హారియట్ టబ్‌మన్ పేరిట చిన్న కూడలి వస్తుంది. అక్కడ ఫెర్న్ కన్నింగ్‌హామ్ చేసిన టబ్‌మన్ శిల్పం ఉంది. వెనక కొందరు మనుషులు, ముందు పదడుగుల టబ్‌మన్, చంకలో బైబిల్, అడుగు ముందుకి. నగర స్థలంలో ఒక స్త్రీకి వచ్చిన మొదటి స్మారకం ఇది, 1999లో. ఈమెకి ఎవరూ వినయం నేర్పలేదు.

ఆ పక్కనే మెటా వారిక్ ఫుల్లర్ చేసిన 'ఇమాన్సిపేషన్' ఉంది. విముక్తి ప్రకటనకి యాభై ఏళ్ళయిన 1913లో చేసింది. ఫుల్లర్ పారిస్‌లో చదువుకున్న శిల్పి, బోస్టన్ దగ్గర ఫ్రామింగ్‌హామ్‌లో సంసారం చేసుకుంటూ పనిచేసింది. ఈ శిల్పంలో లింకన్ లేడు, తెగిన గొలుసు లేదు, మోకాళ్ళ మీద ఎవరూ లేరు. ఒక యువకుడు, ఒక యువతి నిలబడి ఉంటారు, వాళ్ళ వెనక మొహం దాచుకుని ఏడుస్తూ మానవత్వం. ఆ అమ్మాయి అతని భుజం కింద లేదు, దేనికీ ఆనుకుని లేదు, ఏమీ రాసి చూపించడం లేదు. ఎటు వెళ్ళాలో ఇంకా తేల్చుకోనట్టు చూస్తోంది. కంచు పోతపోసే స్థోమత ఎవరూ కల్పించక ఆ శిల్పం ప్లాస్టర్‌లోనే ఎనభై ఆరేళ్ళు ఉండిపోయింది. 1999లో కంచుగా ఆ కూడలికి వచ్చేనాటికి ఫుల్లర్ చనిపోయి ముప్పై ఒక్క ఏళ్ళు.