గిల్లి చూడాలా?

ఈ వారం నా ఒళ్లు మండించింది ఒక చీటీ. షుగర్ ఉన్న పధ్నాలుగేళ్ల కూతుర్ని వెంటబెట్టుకొచ్చిన తల్లి దాన్ని నా బల్ల మీద పెట్టి, "కొవ్వు 34.6 శాతమటండీ మేడమ్" అంది. జిమ్‌లో చెప్పులు విప్పి యంత్రమెక్కితే వచ్చిన లెక్క. దశాంశాలతో నాకు పడదని పాత పాఠకులకు తెలిసిందే.

ఆ యంత్రం కొవ్వును చూడనే చూడదు. ఒక పాదం నుంచి ఇంకో పాదానికి సన్నని కరెంటు పంపి, ఎంత అడ్డు తగిలిందో చూసి, ఒంట్లో నీరెంతో ఊహిస్తుంది. కొవ్వు తీసేసిన ఒంట్లో నీరు 73 శాతమన్నది పెద్దవాళ్ల లెక్క; ఎదిగే పిల్లల్లో ఇంకాస్త ఎక్కువ. షుగర్ అదుపు తప్పి మాటిమాటికీ మూత్రానికి వెళ్లే పిల్లలో నీరు తగ్గితే, ఆ లోటు కొవ్వు ఖాతాలో పడుతుంది.

పోనీ బీఎంఐ? పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో 2004లో లాన్సెట్‌లో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2. (డెక్సా స్కాన్ దశాంశాలు కాబట్టి క్షమించాను.)

నా పక్షపాతం చర్మపు మడత మందాన్ని కొలిచే కాలిపర్ మీదే. భుజం ఎముకకూ మోచేతికీ నడిమధ్య, చేయి వెనక గుర్తు పెట్టాలి. చర్మాన్నీ కింది కొవ్వునీ కండ నుంచి విడదీసి రెండు వేళ్లతో పట్టుకుని, కాలిపర్ వేసి, రెండు సెకన్లలో చదవాలి. ఆలస్యం చేస్తే కొవ్వు నొక్కుకుపోయి అంకె జారుతుంది. రెండో మడత వీపు మీద, రెక్క ఎముక కొస కింద. ఆ రెంటినీ 1988 నాటి స్లాటర్ సమీకరణంలో వేస్తే శాతం వస్తుంది. అదీ అమెరికా పిల్లల్ని కొలిచి కట్టిందేననుకోండి.

ఇదంతా ఉత్సాహంగా చెబుతుంటే, ఆ పిల్ల చున్నీ బిగించుకుని, "వీపు మీద కూడా గిల్లుతారా ఆంటీ?" అంది.

కాలిపర్ సొరుగులోకి వెళ్లింది. నెలకోసారి, పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినక ముందు, అదే యంత్రం ఎక్కమన్నాను. పెరిగిందా తగ్గిందా అన్నది చాలు. ఆ పాటి సాక్ష్యం అది చెబుతుంది, పైగా ఎవరూ ఒళ్లు ముట్టుకోరు. టేపు తన చేతే నడుముకు చుట్టించాను. ఎత్తులో సగం దాటింది. మూడు నెలల షుగర్ సగటు రిపోర్టు శనివారం వస్తుంది. మందు సంగతి దాన్ని చూశాకే.